సొంత ఫలితాన్ని శంకించడం నేర్పే చదువు



మన దేశంలో 2022లో కొత్తగా కేన్సర్ బారిన పడినవారు సుమారు 14 లక్షల 60 వేల మంది ఉంటారని భారత వైద్య పరిశోధన మండలి అంచనా వేసింది. ఈ అంకె వినగానే మనకు ఆసుపత్రులు గుర్తొస్తాయి, డాక్టర్లు గుర్తొస్తారు, మందుల ఖరీదు గుర్తొస్తుంది. ఆ మందు అసలు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. ఏ కేన్సర్ మందు చరిత్రనైనా వెనక్కి తవ్వుకుంటూ పోతే చివరికి ఒక ప్రయోగశాల బల్ల దగ్గర తేలతాం. ఆ బల్ల దగ్గర కణాలను పెంచేదీ, ఎలుకలకు సూది వేసేదీ, అర్ధరాత్రి వచ్చి గాజు పళ్లేల్లో ద్రవం మార్చి వెళ్లేదీ చాలావరకు ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల వయసులో పీహెచ్.డి.లో చేరిన విద్యార్థులే. పేరున్న ప్రొఫెసర్లు ప్రశ్న వేస్తారు, నిధులు తెస్తారు, పేపర్ దిద్దుతారు. ప్రకృతి ఇచ్చిన జవాబును ముందుగా కళ్లారా చూసేది మాత్రం విద్యార్థి. అతను, లేదా ఆమె, చూసినదాన్ని ఎంత నిజాయితీగా, ఎంత జాగ్రత్తగా చూశారన్నదాని మీద ఆ తరవాతి కథంతా ఆధారపడుతుంది. అందుకే ఆ విద్యార్థులకు మనం ఏం నేర్పుతున్నాం, ఏం నేర్పాలి అన్నది ఒక్క విశ్వవిద్యాలయాల గొడవ కాదు. రోగికీ, రోగి కుటుంబానికీ కూడా సంబంధించిన విషయం.

నేను చెప్పదలచుకున్నది ఇది. కేన్సర్ జీవశాస్త్రంలో డాక్టరేట్ శిక్షణకు ప్రాణం లాంటిది ఒక అలవాటు. తన చేతికి వచ్చిన ఫలితాన్ని అందరికన్నా ముందు తానే శంకించి, తానే పరీక్షకు పెట్టే అలవాటు. కణాలు పెంచడం, ప్రోటీన్లను వేరుచేయడం, జన్యువులను కత్తిరించి అతికించడం ఇవన్నీ అవసరమే. కానీ అవి ఆరునెలలు సీనియర్ పక్కన నిలబడితే వస్తాయి. పదేళ్లకోసారి పాతబడి కొత్తవి వస్తుంటాయి. శంకించే అలవాటు అలా పక్కన నిలబడితే రాదు. దాన్ని పనిగట్టుకుని నేర్పాలి, పరీక్షించాలి, మార్కులు వేయాలి. మన దగ్గరే కాదు, ప్రపంచమంతటా చాలాకాలం పాటు దీన్ని పాఠంగా నేర్పలేదు. మంచి గైడ్ దొరికిన విద్యార్థికి అబ్బింది, దొరకనివారికి అబ్బలేదు. దాని ఫలితం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఆధారాలు కావలసినన్ని ఉన్నాయి.

మొదటి ఆధారం కణాల గురించే. కేన్సర్ పరిశోధనలో చాలా భాగం సెల్ లైన్ల మీద జరుగుతుంది. రోగి కణితి నుంచి తీసి, గాజు పళ్లెంలో పోషక ద్రవంలో పెంచితే ఆగకుండా విభజన చెందుతూ పోయే కణాలను సెల్ లైన్ అంటారు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి ఆమె అనుమతి లేకుండానే తీసిన గర్భాశయ ముఖద్వార కేన్సర్ కణాలు అలా పెరిగాయి. వాటికి హీలా అని పేరు పెట్టారు. ఆమె అదే ఏడాది అక్టోబరులో చనిపోయింది గాని ఆమె కణాలు ఈనాటికీ ప్రపంచంలోని ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఈ కణాలు ఎంత జోరుగా పెరుగుతాయంటే, ఒక పిపెట్ మొనకు అంటుకున్న చిన్న బొట్టు పక్క సీసాలో పడినా కొన్ని వారాల్లో ఆ సీసాలోని అసలు కణాలను తోసేసి తామే నిండిపోతాయి. పైకి చూస్తే తేడా తెలియదు. సీసా మీద పాత పేరే ఉంటుంది. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రవేత్త వేర్వేరు అవయవాల నుంచి వచ్చాయని అనుకుంటున్న 18 సెల్ లైన్లను ఒక ఎంజైమ్ రకం ఆధారంగా పరీక్షించి, అవన్నీ హీలా కణాలే అయి ఉంటాయని ఒక సదస్సులో చెప్పాడు. ఆ ఎంజైమ్ రకం దాదాపుగా ఆఫ్రికా మూలాలున్న మనుషుల్లోనే కనిపిస్తుంది. ఆ లైన్లలో కొన్ని తెల్లవారి నుంచి తీసినవిగా నమోదై ఉన్నాయి. ఈ మాట సభలో చాలామందికి రుచించలేదు. ఆ తరవాత 1970లలో వాల్టర్ నెల్సన్‌-రీస్ అనే శాస్త్రవేత్త క్రోమోజోమ్‌లను పరిశీలించి మరెన్నో లైన్లు ఇలా మారిపోయాయని వరసగా చూపించాడు.

అది పాతకాలం ముచ్చట అనుకోవడానికి వీల్లేదు. ఎండీఏ-ఎంబీ-435 అనే సెల్ లైన్‌ను రొమ్ము కేన్సర్ కణాలుగా ఏళ్ల తరబడి వందల పరిశోధనల్లో వాడారు. రొమ్ము కేన్సర్ శరీరంలో ఎలా వ్యాపిస్తుందో తెలుసుకోవడానికి అది మంచి నమూనా అని పేరు కూడా పడింది. 2000లో జన్యువుల పనితీరును పోల్చి చూసిన ఒక అధ్యయనంలో ఈ కణాలు రొమ్ము కేన్సర్ కన్నా మెలనోమా అనే చర్మ కేన్సర్‌కు దగ్గరగా ఉన్నాయని తేలింది. తరవాతి పరీక్షల్లో అవి ఎం-14 అనే మెలనోమా లైన్‌తో సరిగ్గా సరిపోయాయి. అలా తేలిన తరవాత కూడా వాటిని రొమ్ము కేన్సర్ కణాలుగా చెప్పుకునే పేపర్లు వస్తూనే ఉన్నాయి. ఇలా గుర్తింపు తప్పిన సెల్ లైన్ల జాబితాను ఒక అంతర్జాతీయ కమిటీ నిర్వహిస్తోంది. అందులో 500 పైచిలుకు పేర్లున్నాయి. మేలైన విత్తనమని నమ్మి కల్తీ విత్తనం వేసిన రైతుకు దున్నకంలో గాని, నీటిలో గాని, ఎరువులో గాని లోపం కనిపించదు, పంట మాత్రం వేరే వస్తుంది. తన కణాలు ఎవరివో పరీక్షించని పరిశోధక విద్యార్థి పరిస్థితి అంతే. ఐదేళ్ల శ్రమలో ప్రతి మెట్టూ సరిగ్గానే వేసి ఉండవచ్చు. మొదటి మెట్టే వేరే ఇంటిది.

రెండో ఆధారం పేపర్ల గురించి. 2012లో నేచర్ పత్రికలో గ్లెన్ బెగ్లీ, లీ ఎలిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాశారు. బెగ్లీ అంతకు ముందు ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీలో కేన్సర్ పరిశోధనకు నాయకత్వం వహించాడు. కొత్త మందు తయారీకి పూనుకునే ముందు, ఆ ఆలోచనకు మూలమైన పరిశోధనలను తమ ప్రయోగశాలలో మళ్లీ చేసి చూసుకోవడం ఆ కంపెనీ పద్ధతి. అలా గొప్పవిగా పేరుపడ్డ 53 పరిశోధనలను తిరిగి చేస్తే, ఫలితం నిలబడినవి 6 మాత్రమే. ఆ వ్యాసంలో మన విషయానికి ఇంకా పనికొచ్చే మాట ఒకటుంది. నిలబడిన పరిశోధనల్లో పోలిక కోసం పెట్టుకునే కంట్రోళ్ల మీద, వాడిన రసాయనాల మీద, ప్రయోగం చేసేవారి మొగ్గు ఫలితంలోకి చొరబడకుండా చూడటం మీద శ్రద్ధ కనిపించిందట. వచ్చిన డేటా మొత్తాన్ని చూపించారట. నిలబడనివాటిలో చాలాచోట్ల, ఏ కణాలకు మందు వేశారో వేటికి వేయలేదో తెలిసినవారే ఫలితాన్ని కొలిచారు. అంటే తేడా తెలివితేటల్లో లేదు, ఖరీదైన యంత్రాల్లో లేదు, అలవాట్లలో ఉంది. అలవాట్లు నేర్పగలిగినవి.

బెగ్లీ బృందం ఆ 53 పేపర్ల పేర్లు బయటపెట్టలేదు కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేమని కొందరు అన్నారు. న్యాయమైన అభ్యంతరమే. ఆ లోటు తీర్చడానికి అమెరికాలో మరో ప్రయత్నం జరిగింది. 2010 నుంచి 2012 దాకా వచ్చిన ప్రముఖ కేన్సర్ జీవశాస్త్ర పేపర్లను ఎంచుకుని, ప్రతి అడుగూ బహిరంగంగా ఉంచుతూ మళ్లీ చేయాలని తలపెట్టారు. 53 పేపర్ల నుంచి 193 ప్రయోగాలు చేద్దామని మొదలుపెట్టి, చివరికి 23 పేపర్ల నుంచి 50 ప్రయోగాలు మాత్రమే పూర్తిచేయగలిగారు. 2021 డిసెంబరులో ఆ ఫలితాలు వచ్చాయి. తిరిగి చేసినప్పుడు కనిపించిన ప్రభావం, మొదటి పేపర్లో చెప్పినదానికన్నా చాలా చిన్నది. మధ్యస్థ లెక్కన చూస్తే 85 శాతం తక్కువ. ప్రయోగాలు సగానికి సగం కూడా ఎందుకు పూర్తికాలేదన్నది ఇంకా ముఖ్యం. ఆ 193 ప్రయోగాల్లో ఒక్కటి కూడా, పేపర్ చదివి అచ్చంగా తిరిగి చేయగలిగినంత వివరంగా రాసి లేదు. ప్రతిదానికీ అసలు రచయితలను అడగవలసి వచ్చింది. కొందరు ఎంతో సాయం చేశారు, కొందరు జవాబే ఇవ్వలేదు. ఒక ప్రయోగం మళ్లీ చేస్తే రానంత మాత్రాన మొదటిది తప్పని తేల్చేయకూడదు. కణాలు మారవచ్చు, చేసే చేయి మారవచ్చు, ఎలుకల జాతి మారవచ్చు. కానీ ఎలా చేశారో రాసి పెట్టకపోతే ఈ కారణాల్లో ఏది నిజమో తేల్చే దారే మూసుకుపోతుంది. ల్యాబ్ నోట్‌బుక్ రాయడం ఎంత మామూలు పనిగా కనిపించినా, పరిశోధకుడి మొదటి బాధ్యత అదే.

ఈ తప్పులు పేపర్లలోనే ఆగిపోతే శాస్త్రజ్ఞుల మధ్య తగాదా అనుకుని ఊరుకోవచ్చు. అవి రోగి మంచం దాకా వెళ్తాయి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక బృందం 2006లో ఒక గొప్ప ఫలితం ప్రకటించింది. కణితిలోని జన్యువుల పనితీరును బట్టి ఏ రోగికి ఏ కీమోథెరపీ పనిచేస్తుందో ముందే చెప్పేయవచ్చన్నారు. కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఆ లెక్కలను మళ్లీ చేసి చూశారు. జన్యువుల జాబితా ఒక వరస కిందికి జరిగి ఉంది. మందుకు లొంగే కణాలకు లొంగనివన్న గుర్తు, లొంగనివాటికి లొంగేవన్న గుర్తు పడి ఉన్నాయి. ఆ లెక్కల మీద ఆధారపడి అప్పటికే రోగులను చేర్చుకుంటూ మూడు క్లినికల్ ట్రయల్స్ నడుస్తున్నాయి. చివరికి 2010లో వాటిని ఆపేశారు, పేపర్లను వెనక్కి తీసుకున్నారు. ఆ బృందంలోని ఒక పరిశోధకుడు డేటాను తారుమారు చేశాడని 2015లో ప్రభుత్వ విచారణ సంస్థ తేల్చింది. ఇందులో శిక్షణకు సంబంధించిన పాఠం మరొకటి ఉంది. ఆ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న ఒక వైద్యవిద్యార్థి 2008లోనే, అంటే ట్రయల్స్ ఆగడానికి రెండేళ్ల ముందే, ఈ లెక్కలు నిలబడవని రాతపూర్వకంగా చెప్పాడు. పెద్దలు అతన్ని ప్రోత్సహించలేదు. విషయాన్ని ముందుకు తీసుకెళ్లవద్దని నచ్చచెప్పారు. అతను పేపర్ల నుంచి తన పేరు తీయించుకుని వెళ్లిపోయాడు. అతనికి శంకించడం తెలుసు. ఆ శంకను వినే ఏర్పాటు ఆ సంస్థలో లేకపోయింది. విద్యార్థికి శంకించడం నేర్పి, ఆ శంకను చెప్పుకునే చోటు ఇవ్వకపోతే శిక్షణ సగమే అవుతుంది.

ఇంత చెప్పాక, శంక అంటే వెనక్కి లాగే గుణమనీ, కొత్తదనాన్ని చంపేస్తుందనీ ఎవరైనా అనవచ్చు. గొప్ప ఆవిష్కరణలు ధైర్యం వల్ల వస్తాయి గాని జాగ్రత్త వల్ల రావు అన్న అభిప్రాయం గట్టిగానే ఉంది. చరిత్ర చూస్తే అది నిజం కాదనిపిస్తుంది. ఫిలడెల్ఫియాలో డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే డాక్టరేట్ విద్యార్థి, పీటర్ నోవెల్ అనే వైద్యశాస్త్రవేత్తతో కలిసి ఒక రకం దీర్ఘకాలిక రక్త కేన్సర్ రోగుల కణాల్లో క్రోమోజోమ్‌లు చూస్తుండగా, ఒక క్రోమోజోమ్ ఉండవలసిన దానికన్నా పొట్టిగా కనిపించింది. మొదట ఇద్దరు రోగుల్లోనే కనిపించింది. స్లైడ్ సరిగా రాలేదని పక్కన పడేయనూ లేదు, ఇద్దరితోనే పెద్ద ప్రకటన చేసి ఊరుకోనూ లేదు. 1960లో ప్రకటించేనాటికి ఏడుగురు రోగుల్లో చూశారు. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని దానికి పేరొచ్చింది. అది రెండు క్రోమోజోమ్‌ల మధ్య ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త చూపింది. ఆ మార్పిడి వల్ల పుట్టే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మందు 2001లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ రక్త కేన్సర్ వచ్చినవారు ఇవాళ రోజూ ఒక మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి మామూలు జీవితం గడపగలుగుతున్నారు. ఒక విద్యార్థి జాగ్రత్తగా లెక్కించి, కొలిచి చూసిన చూపు నుంచి ఇక్కడిదాకా వచ్చింది దారి.

మనవాడు యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఇంకా దగ్గరి సాక్ష్యం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన ఆయన హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్త వద్ద చేసిన పని ఒక కొలత పద్ధతి. రక్తంలోనూ, కండరంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి అది. 1925లో ప్రకటించారు, ఈనాటికీ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. కండరం నుంచి తీసిన ద్రావణంలో ఆ నీలి రంగు రావలసినంత వేగంగా రాలేదు, కాస్త ఆలస్యమైంది. ఆఖరికి వచ్చే అంకె ముఖ్యం గాని ఆలస్యంతో పనేమిటని వదిలేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లిద్దరూ తమ పద్ధతినే అనుమానించి, ఆ ఆలస్యానికి కారణం వెతికారు. అప్పటిదాకా అందరూ మామూలు ఫాస్ఫేట్ అనుకున్నదాంట్లో చాలా భాగం సులువుగా విడిపోయే మరో పదార్థమని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, కండరం శక్తిని నిల్వ ఉంచుకునే పదార్థాల్లో ఒకటి. 1927లో ఆ సంగతి ప్రకటించారు. సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందాడు. తరవాత లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి ప్రత్యర్థులైన మందులనూ తయారుచేసింది. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో మెరుగుదల కనిపించిందని 1948లో రాశాడు. ఆ మెరుగుదల తాత్కాలికమేనని వ్యాసం శీర్షికలోనే ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలను ఇచ్చినప్పుడు వ్యాధి ముదురుతున్నట్టు గమనించి, తన ఆలోచనను తిరగేసుకున్నవాడు కూడా ఆయనే. ఆ దారిలోనే మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. పిల్లల్లో వచ్చే ఆ రక్త కేన్సర్ చాలా దేశాల్లో ఇవాళ ఎక్కువ మందికి నయమయ్యే జబ్బు. శంకించినవారు ఆగిపోలేదు. శంకించినందువల్లే ముందుకు వెళ్లగలిగారు.

మరి ఈ అలవాటు మన శిక్షణలో ఎందుకు కుదురుకోలేదు? పెద్ద కారణం, ఏది లెక్కలోకి వస్తుందో విద్యార్థి దానికే పనిచేస్తాడు. 2016 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించేలోపు కనీసం ఒక పరిశోధన పత్రం అచ్చు కావలసి ఉండేది. చేతిలో ఫలితం ఉన్నా లేకున్నా పేపర్ ఉండి తీరవలసి వచ్చేది. ఆ షరతు వల్ల నాసిరకం పత్రికల వ్యాపారం పెరిగిందన్న విమర్శ బలంగా వచ్చింది. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఆ షరతును తీసేశాయి. మంచి పని. పరిశోధనా నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019లోనే తప్పనిసరి చేసింది. అదీ మంచిదే. అయితే ఆ కోర్సు చాలాచోట్ల ఇతరుల వాక్యాలు కాపీ కొట్టకూడదన్న హెచ్చరిక దగ్గరే ఆగిపోతోంది. కాపీ కొట్టని పేపర్‌లో కూడా కణాలు వేరేవారివి కావచ్చు, లెక్క తప్పు కావచ్చు. ముప్పై గంటల ఉపన్యాసాలు చేతి అలవాటును మార్చవు. ప్రయోగశాలలో రోజూ చేసే పనిలోనే ఆ శిక్షణ కలిసిపోవాలి.

ఎలా కలపాలో చెప్పడం కష్టమేమీ కాదు. కొత్తగా చేరిన విద్యార్థికి మొదటి ఆరునెలల్లో ఇచ్చే పని, అదే ప్రయోగశాల నుంచి ముందు వచ్చిన ఒక ఫలితాన్ని పాత నోట్‌బుక్ చూసి తిరిగి చేయడం కావాలి. వస్తే చేతికి నమ్మకం కుదురుతుంది. రాకపోతే ఎందుకు రాలేదో వెతకడమే మొదటి పాఠం అవుతుంది, నోట్‌బుక్ ఎలా రాయకూడదో కూడా తెలుస్తుంది. సెల్ లైన్ వాడటం మొదలుపెట్టే ముందు ఒకసారి, పేపర్ పంపే ముందు ఒకసారి దాని డీఎన్ఏ గుర్తింపు పరీక్ష చేయించాలి. కల్చర్లలో కంటికి కనిపించకుండా చేరి కణాల ప్రవర్తనను మార్చేసే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి కోసం క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఎలుకల్లో కణితి కొలిచేవారికి ఏ బోనులో మందు ఇచ్చిన ఎలుకలున్నాయో తెలియకూడదు. పక్క విద్యార్థి బోన్లకు సంకేతాలు వేసి, కొలతలన్నీ పూర్తయ్యాక విప్పితే చాలు. గణాంకశాస్త్రాన్ని సాఫ్ట్‌వేర్ బటన్‌గా కాక ఆలోచనగా నేర్పాలి. ఒకే రోజు, ఒకే పళ్లెంలో, పక్కపక్క గుంటల్లో మూడుసార్లు కొలిస్తే అది ఒక్క ప్రయోగమే. మూడు వేర్వేరు రోజుల్లో, మొదటినుంచి మళ్లీ చేస్తేనే మూడు. అలాగే ఇరవై జన్యువులను విడివిడిగా పరీక్షిస్తే, నిజానికి వేటిలోనూ తేడా లేకపోయినా, నూటికి ఐదు పాళ్ల తప్పును ఒప్పుకునే మామూలు కొలబద్ద ప్రకారం సగటున ఒకటి కాకతాళీయంగా ముఖ్యమైనదిగా తేలుతుంది. ఈ రెండు సంగతులు మనసుకు పట్టిన విద్యార్థి రాసే పేపర్ వేరేగా ఉంటుంది. చివరగా, థీసిస్‌లో ఫలితం రాని ప్రయోగాలకు ఒక అధ్యాయం ఉండాలి. వైవాలో పరీక్షకులు ఆ అధ్యాయం మీద తప్పనిసరిగా ప్రశ్నించాలి. మీ ముఖ్య ఫలితం తప్పని రుజువు చేయాలంటే ఏ ప్రయోగం చేయాలి, అది మీరు చేశారా అని అడగాలి. ఆ ప్రశ్న వస్తుందని ముందే తెలిస్తే, ఐదేళ్ల పని తీరే మారుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలను పక్కన పెట్టలేం. రోగులు చనిపోతుంటే ప్రతిదాన్నీ మూడుసార్లు చేస్తూ కూర్చుంటామా అంటారు. ఆ ఆత్రుత నిజమైనదే, గౌరవించవలసినదే. కానీ తప్పు ఫలితం రోగి దగ్గరికి సత్యం కన్నా తొందరగా చేరడమే డ్యూక్ కథ. ఆ మూడు ట్రయల్స్‌లో చేరినవారు తమ దగ్గరున్న కొద్ది సమయాన్ని పరిశోధకుల మాట నమ్మి అప్పగించారు. ప్రయోగశాలలో ఒక నెల ఆలస్యం, ట్రయల్‌లో మూడేళ్ల వృథాను తప్పిస్తుంది. రోగి మీద ప్రేమ ఉన్నవారు ఆ నెలను వెచ్చించాలి.

డబ్బు లేదన్నది రెండో అభ్యంతరం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రసాయనాలు నెలల తరబడి రావు, ఫ్రీజర్‌కు కరెంటు నమ్మకం లేదు, ఖాళీ పోస్టులు నిండవు. ఈ మాటలో అతిశయోక్తి లేదు. అయితే నేను చెప్పినవాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. బోన్లకు సంకేతాలు వేయడానికి కాగితం చాలు. నోట్‌బుక్ సరిగా రాయడానికి, ఫలితం రాని ప్రయోగాన్ని చెప్పుకోవడానికి ఖర్చు లేదు. డబ్బు కావలసింది కణాల గుర్తింపు పరీక్షకు. మనుషుల డీఎన్ఏను గుర్తించడంలో దేశానికి దారి చూపిన నగరం హైదరాబాదు. ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఆ పరిజ్ఞానాన్ని మన దేశంలో నిలబెట్టారు. డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఇక్కడే ఉంది. ఇలాంటి డీఎన్ఏ పోలికే సెల్ లైన్ ఎవరిదో కూడా చెబుతుంది. పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలో కణాల భాండాగారం ఉంది. పొరుగు ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్న సీసాతో థీసిస్ మొదలుపెట్టే బదులు, మూలం తెలిసిన చోటు నుంచి తెచ్చుకోవడం మొదటి మెట్టు. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి ఒక ఉమ్మడి పరీక్షా ఏర్పాటు చేసుకుంటే ఒక్కొక్క థీసిస్ మీద పడే ఖర్చు స్వల్పం. 2023 నుంచి జూనియర్ పరిశోధక భృతి జేఆర్‌ఎఫ్ కింద ఒక విద్యార్థికి నెలకు 37 వేల రూపాయలు, తరవాత సీనియర్ పరిశోధక భృతి ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42 వేలు ఇస్తున్నారు. ఐదేళ్లకు అది 20 లక్షలు దాటే ప్రజాధనం. కణాలు ఎవరివో తెలియకపోతే ఆ 20 లక్షలూ, ఒక యువతి లేదా యువకుడి అయిదేళ్ల వయసూ గాలికి పోయినట్టే.

మూడో అభ్యంతరం విద్యార్థుల నుంచి వస్తుంది, అది అన్నిటికన్నా బరువైనది. ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగేది పేపర్లెన్ని అని, ఫలితం రాని ప్రయోగాల అధ్యాయం ఎంత బాగుందని కాదు గదా అంటారు. గైడ్‌కు ఎదురు చెబితే సంతకం ఆగిపోతుందన్న భయం కూడా దీని వెనకే ఉంది. ఈ బరువును విద్యార్థి భుజం మీద వేసి, నిజాయితీగా ఉండు నాయనా అని చెప్పి వెళ్లిపోవడం అన్యాయం. నియామక కమిటీలు పేపర్ల సంఖ్య లెక్కించడం మాని, అభ్యర్థి ఎంచుకున్న ఒక్క పేపర్‌ను తీసుకుని అందులోని ప్రతి బొమ్మ గురించీ అడగాలి. ప్రతి విద్యార్థికీ గైడ్ కాని మరొక అధ్యాపకుడు సలహాదారుగా ఉండాలి. సందేహాన్ని ఆయన దగ్గర రాతపూర్వకంగా నమోదు చేసుకునే హక్కు ఉండాలి. విద్యార్థి అడిగిన ప్రశ్నను అవమానంగా తీసుకోని గైడ్‌కు విశ్వవిద్యాలయం గుర్తింపు ఇవ్వాలి. గురువును ప్రశ్నించడం మన సంప్రదాయం కాదని కొందరు అంటారు. పూర్వపక్షాన్ని ఎదుటివాడి కన్నా బలంగా చెప్పి, ఆ తరవాతే సిద్ధాంతం నిలబెట్టిన వాద సంప్రదాయం ఈ నేల మీదే పెరిగింది. మన ప్రయోగశాలలు దాన్ని వాడుకోవాలి.

పీహెచ్.డి. పట్టా అంటే ఫలానా వ్యక్తి కొత్త విషయం కనుక్కున్నాడన్న ప్రశంసగానే చూస్తున్నాం. కేన్సర్ జీవశాస్త్రంలో అది ఒక హామీ కూడా. ఈ వ్యక్తి ఒక మాట చెబితే, దాన్ని నమ్మి మరొకరు మందు తయారీ మొదలుపెట్టవచ్చు, మరొకరు రోగి చేతికి అనుమతి పత్రం ఇవ్వవచ్చు అన్న హామీ. ఆ హామీ ఇవ్వగలిగే మనుషులను తయారుచేయడమే శిక్షణ పరమార్థం.

అందుకే ఈ మాటలు వింటున్న అధ్యాపకులకు, విభాగాధిపతులకు నా విన్నపం ఇది. అన్ని సంస్కరణలూ ఒకేసారి రావు, వచ్చేదాకా ఆగనూ అక్కర్లేదు. ఈ విద్యాసంవత్సరం నుంచి మీ విభాగంలో సమర్పించే ప్రతి కేన్సర్ థీసిస్‌లోనూ రెండు పేజీలు తప్పనిసరి చేయండి. ఒక పేజీలో వాడిన కణాల గుర్తింపు పరీక్ష ఫలితం ఉండాలి. రెండో పేజీలో ముఖ్య ఫలితాన్ని ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు తిరిగి చేశారో ఉండాలి. విద్యార్థులారా, మీ విభాగం అడగకపోయినా ఆ రెండు పేజీలు మీరే రాసి పెట్టండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులు అక్కర్లేదు. విభాగ సమావేశంలో ఒక తీర్మానం చాలు.